సత్తవ్వకు మిగిలిన గోలీలు

నా భార్య సత్తవ్వ షుగరుతో పోయింది. ఆమె పదకొండో రోజు భోజనాల్లో మా అక్క హన్మవ్వ రెండు లడ్డూలు తిన్నది. తీపి ఎక్కువైందని అక్క భయపడితే, సత్తవ్వకు మిగిలిన షుగరు గోలీల్లోంచి రెండు తీసి నేనే ఇచ్చాను. లడ్డూకు ఒకటి. అక్కకు షుగరు లేదు. మూడో రోజు నిజామాబాద్ దవాఖానలో పోయింది. అక్క కోడలు సుమన గోలీలు మార్చి ఇచ్చిందని, ఆమె భర్త, నా మేనల్లుడు శ్రావణ్ ఆమెను మోస్రాకు, పుట్టింటికి పంపేశాడు. నేను నోరు విప్పలేదు. ఇన్నాళ్లకు ఆ గోలీల డబ్బా సంచిలో పెట్టుకుని బోధన్ బస్సు ఎక్కాను. శ్రావణ్ మందుల షాపు ముందు మిగిలిన మందులు వేసే పెట్టె ఉంది. అందులో వేస్తే ఎవరివని ఎవరూ అడగరు. నేను అనుకున్నది అంతే.

బస్సు దిగేసరికి పదిన్నర అయింది. షాపు బస్టాండ్ ఎదురు సందులో ఉంటుంది. పెట్టె గడపకు ఎడమ పక్కన. ఇనుప పెట్టె, పచ్చ రంగు, పైన సన్నని సందు, కింద తాళం. సుమన చేయించింది. ఆమె మందుల చదువు చదివింది. షాపులో గోడమీద వేలాడే సర్టిఫికెట్ ఆమెదే. ఇండ్లల్లో మిగిలిన మందులు పిల్లల చేతికి పోతున్నాయి, కాలువలో కలుస్తున్నాయి అని వెల్డింగ్ షాపు చుట్టూ పది రోజులు తిరిగి మరీ చేయించింది. ముందు తెల్ల కాగితం అంటించి, తన చేత్తో మూడు లైన్లు రాసింది.

మిగిలిన మందులు ఇందులో వేయండి.
చెత్తలో, కాలువలో పారేయకండి.
ఎవరికీ ఇవ్వకండి.

ఆ పెట్టె పక్కన నిలబడి ఎన్ని బీడీలు తాగానో. మూడో లైను ఆ రోజే చదివాను.

డబ్బా తీశాను. సత్తవ్వ వక్కలు పెట్టుకునే రేకు డబ్బా అది. షుగరు వచ్చాక వక్కలు మానేసి గోలీలు పెట్టుకుంది. సందులోకి తోశాను. పట్టలేదు. అడ్డంగా పెట్టాను. పట్టలేదు. మూత తీసి ఒక్కొక్క స్ట్రిప్పు వేద్దామంటే మూత బిగుసుకుపోయి ఉంది. గోరు పెట్టి లాగాను. చప్పుడు అయింది.

"ఎవల్లది?"

శ్రావణ్ కౌంటర్ మీదుగా తల బయటపెట్టాడు. గడ్డం పెరిగి ఉంది. అక్క పోయినప్పుడు తీయించిన గుండు మీద వెంట్రుకలు ముళ్లలాగా వచ్చాయి.

"మామా! చెప్పకుంట ఒచ్చినవ్? తిన్నవా?"

"తిన్న."

"తిన్న మొఖమేనా గది? లోపలికి రా, కూసో."

డబ్బాను సంచిలో వేసుకుని లోపలికి వెళ్లాను. షాపు షాపులాగా లేదు. అట్టపెట్టెలు నేల మీద పడి ఉన్నాయి. పిల్లల సిరప్‌లు ఉండే అరలో కట్లకు చుట్టే బట్ట ఉంది. టీ గ్లాసులో ఈగ తేలుతోంది.

"మంచిగైంది ఒచ్చినవ్," అన్నాడు శ్రావణ్. "మందుల చెత్త కాల్చెటోళ్ల బండి ఒంటిగంటకు ఒస్తది, నిజామాబాద్ నుంచి. నెలకొక్కపారే. పెట్టె ఖాళీ జేసి సంచులల్ల కట్టియ్యాలె. గా పని ఎప్పుడు సుమననే..."

మాట అక్కడే ఆపాడు. తాళంచెవి తీసుకుని వెళ్లి పెట్టె ఎత్తుకొచ్చాడు. నేల మీద పాత దుప్పటి పరిచి దాని మీద బోర్లించాడు.

కుప్ప పడింది. సగం వాడిన స్ట్రిప్పులు, కత్తెరతో ముక్కలు చేసినవి, మూత ఊడిన సీసాలు, దగ్గు మందు జిగురు. కంట్లో వేసే చుక్కలు. ఎవరో పశువుల సూది మందు కూడా వేశారు. ఒక కుంకుమ పొట్లం, ఎండిన కొబ్బరి ముక్క కూడా ఉన్నాయి.

"సూడు మామా," శ్రావణ్ కొబ్బరి ముక్కను వేళ్లతో పట్టి చూపించాడు. "తాళమేసి సందు పెడితె సాలు, మనోళ్లకు గది హుండీనే. సుమన నవ్వి నవ్వి సస్తుండె."

వాడు కూడా నవ్వబోయాడు. రాలేదు.

పని ఎట్లా చేయాలో చెప్పాడు. అట్టలు ఒక పక్కకు. సీసాలు ఒక పక్కకు. గోలీలు పసుపు సంచిలోకి. పేరు రాసి ఉన్న చీటీలు, కవర్లు కనిపిస్తే నల్ల స్కెచ్ పెన్‌తో కొట్టేయాలి.

"గదెందుకు?"

"సుమన పెట్టిన రూలు. సగం సచ్చినోళ్లయే ఉంటయి మామా. ఆళ్ల పేర్లు చెత్తలకు పోవద్దంటది."

నాకు ఒక కవరు చేతికొచ్చింది. మీద లింబాద్రి అని ఉంది. ఏ లింబాద్రో తెలియదు. లోపల గోలీలు నిండుగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం తీసినట్టుంది. పెన్నుతో పేరు మీద గీత కొట్టాను. పేరు ఇంకా కనిపిస్తోందని ఇంకో గీత కొట్టాను.

అప్పుడే లింబయ్య వచ్చాడు. బస్టాండ్‌లో పండ్ల బండి ఆయనది. మోకాళ్ల నొప్పి మనిషి. కౌంటర్ మీద మోచేతులు పెట్టి దుప్పటి వైపు చూశాడు.

"అబ్బో, గిన్నా! అన్ని పారేస్తరా శ్రావణ్?"

"కాలుస్తరు."

"అందుల మోకాళ్ల నొప్పియి గిట్ల ఉంటయేమో సూడరాదు. కాల్చెకాడికి నాకియ్యి, పుణ్యముంటది."

"లింబన్నా, పొద్దున్నే బుర్ర తినకు."

"అరే, తారీకు దాటకుంటె ఏమైతదే? ఒగలు తిన్నయి కాదు గదా, ఎంగిలా ఏమన్ననా? మీ ఇంటామె ఉంటె కసిరేది గని మంచిగ సమజ్ జేసి పంపేది. నీకాడ కసురుడొక్కటే ఉంది."

శ్రావణ్ లేచి నిలబడ్డాడు.

"పక్కోని గోలి నీకు పనిజేస్తదని ఎవడు జెప్పిండే? ఆని ఒళ్లు నీ ఒళ్లు ఒకటేనా? మా అమ్మ గట్లనే పోయింది. పో, డాక్టర్ చీటీ తీస్కరా, ఇస్త."

లింబయ్య మొహం చిన్నబోయింది. "నేనేమన్ననే, ఊకెనే అన్న," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.  శ్రావణ్ కూర్చుని మళ్లీ స్ట్రిప్పులు ఏరడం మొదలుపెట్టాడు. నేను తల ఎత్తలేదు.

"నీ సంచిల ఏముంది మామా? పెట్టెకాడ ఏదో గుంజుతున్నవ్."

ఏం లేదు అందామనుకున్నాను. అప్పటికే వాడు సంచిలో చెయ్యి పెట్టాడు. డబ్బా తీశాడు. చూడగానే గుర్తుపట్టాడు.

"అత్త డబ్బా."

మోకాలి మీద పెట్టుకుని మూత ఒక్క గుంజుకు తీశాడు. వక్కల వాసన ఇంకా పోలేదు. వాడు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చిన్నప్పుడు సత్తవ్వ ఒళ్లో పడుకుని ఇదే డబ్బాలోంచి సోంపు దొంగిలించేవాడు. కండ్లు తుడుచుకున్నాడు.

"మంచి పని జేసినవ్. ఇంట్ల పెట్టుకోవద్దు గివి."

స్ట్రిప్పులు ఒక్కొక్కటి తీసి చూశాడు. చివరిదాని దగ్గర ఆగాడు. ఎనిమిది గోలీలు ఉన్నాయి. రెండు గుంటలు ఖాళీ.

"గిదే మామా," అన్నాడు మెల్లగా. "గిదే గోలి. అమ్మ ఒంట్ల పడ్డది గిదే రకం. రక్తంల షుగరు గట్ల పడిపోవాల్నంటె గిదే పడి ఉండాలె అన్నడు డాక్టర్. బీపీ గోలి ఇంతే ఉంటది, తెల్లగ, సన్నగ. రోజు సాయంత్రం అమ్మకు బీపీ గోలి ఇచ్చేది ఎవలు? సుమన. షాపుల నుంచి తెచ్చేది ఎవలు? సుమన. మందుల చదువు సదివిన మనిషి మామా. కండ్లు యాడబెట్టుకున్నది?"

నేను అట్టలు ఒక పక్కకు నెట్టాను.

"తప్పైందని ఒక్క మాట జెప్పు, ఇంట్లకు రా అన్న. చెప్తలేదు. నేనియ్యలే, నేనియ్యలే, గదే మాట. పది రోజులు గదే చెప్పింది. ఇప్పుడు గది గూడ చెప్తలేదు, ఫోన్ జేస్తె ఊకెనే ఉంటది. ఆదివారం మోస్రాల పంచాయతికి కూసుంటున్నం. తెగదెంపులే. నువ్వు రావాలె."

"నేనెందుకురా?"

"మేనమామవు. మా దిక్కు నువ్వు గాకుంటె ఎవలు మాట్లాడుతరు? నువ్వు మాట్లాడెటోనివి గాదని ఎర్కనే. నాలుగు మాటలు చాలు. మా అక్కను గీ పిల్ల నిర్లక్ష్యమే మింగింది అను. నువ్వంటె అందరు నమ్ముతరు. అబద్ధమాడవని ఊరంత ఎర్క."

షాపు ముందు నుంచి చెరుకు ట్రాక్టర్ పోయింది. నేల అదిరింది. అరల్లో సీసాలు ఒకదానికొకటి తగిలి టింగుటింగుమన్నాయి. అది పోయేదాకా ఆగాను. ఆగడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

సుమన నాకు వరుసకు బిడ్డ అవుతుంది. బాపూ అని పిలుస్తుంది. మాకు పిల్లలు లేరు. ఆ మాటతో నన్ను పిలిచిన మనిషి ఆమె ఒక్కతే.

"శ్రావణ్," అన్నాను. "గా రెండు గోలీలు నేనిచ్చిన."

వాడికి అర్థం కాలేదు. "ఏ రెండు?"

"నీ చేతుల ఉన్న స్ట్రిప్పుల లేనియి. అక్కకు నేనిచ్చిన. సత్తవ్వ దినాల నాడు."

వాడు స్ట్రిప్పును చూశాడు. నన్ను చూశాడు. నోరు కొంచెం తెరుచుకుంది.

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. నా జన్మలో అంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రోజు అక్క విస్తరి ముందు కూర్చుని ఒక లడ్డూ తిన్నది. ఇంకోటి వేయించుకుంది. ఒకటి చాలక్కా అన్నాను. సత్తవ్వ పేరు మీద తింటున్న, నాకడ్డం రాకు అన్నది. చేతులు కడుక్కున్నాక ఆమెకు భయం పట్టుకుంది. ఏందిరా తమ్మీ, తలకాయ తిరిగినట్టయితుంది, సత్తవ్వకు గిట్లనే మొదలైంది గదా, నాకు గూడ షుగరు అంటిందేమో అన్నది. సత్తవ్వ ఏ పెండ్లిలో తీపి తిన్నా ఇంటికొచ్చి ఒక గోలి ఎక్కువ వేసుకునేది. మా వాడకట్టులో అందరూ అంతే చేస్తారు. తీపికి గోలి విరుగుడు అనుకుంటారు. నేను డబ్బా తీశాను. రెండు తిన్నావు, రెండు వేసుకో అన్నాను. నీళ్ల గ్లాసు కూడా నేనే ఇచ్చాను. నా కొంగుకు కట్టరాదు ఇంకో నాలుగు అని నవ్వింది అక్క. నవ్వుకుంటూ మింగింది.

"ఎన్ని గంటలకు?" అన్నాడు శ్రావణ్.

"మూడు, మూడున్నర."

"రాత్రి ఇంటికొచ్చి ఏం తినలే అమ్మ. కడుపు నిండుగుందన్నది." వాడి గొంతు షాపులో గిరాకీతో మాట్లాడినట్టు ఉంది. "ఏం తినకుంట పండింది. తెల్లారి లేపితె లెవ్వలే."

"నాకు తెల్వదురా. సత్తవ్వ పదేండ్లు మింగింది. ఆమెకేం గాలే. రెండు గోలీలతోని మనిషి పోతదని నేనెట్ల అనుకుంట?"

వాడు తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నా మీద కొంచెం జాలి పడినట్టు కూడా అనిపించింది. అదీ ఒక్క నిమిషమే. తర్వాత వాడి మొహంలో ఏదో కదిలింది. కండ్లు చిన్నవయ్యాయి.

"మామా. దవాఖానల నువ్వున్నవ్ గదా."

నేను ఈ మాట కోసమే భయపడుతున్నాను. గోలీలు ఇచ్చినందుకు కాదు.

"గ్లూకోజ్ ఎక్కించినంక అమ్మకు తెలివొచ్చింది. చాయ్ అడిగింది. డాక్టర్ బయటికొచ్చి మనందర్ని నిలబెట్టి అడిగిండు. ఆమె షుగరు గోలి ఏమన్న మింగిందా అని. ఒక్కపారి గాదు, రెండుపార్లు అడిగిండు. సుమన లేదు సార్, ఆమెకు షుగరే లేదు అన్నది. నువ్వు యాడున్నవ్ అప్పుడు?"

"బెంచి మీద."

"ఇనబడ్డదా?"

"ఇనబడ్డది."

"ఇనబడ్డదా మామా?"

"ఇనబడ్డదిరా."

అక్క తలుపు వెనకాల మంచం మీద ఉంది. నాకు ఆమె దగ్గు వినిపిస్తోంది. డాక్టర్ పడుచువాడు. చేతిలో కాగితాలు పట్టుకుని మా మొహాలు ఒక్కొక్కటి చూశాడు. నా మొహం కూడా చూశాడు. నాలుక కొనదాకా వచ్చింది. చుట్టూ బంధువులున్నారు. సత్తవ్వ పోయి పన్నెండు రోజులు. పెండ్లాన్ని సాగనంపి అక్కను కూడా మింగిండు అంటారని అనుకున్నాను. అక్క చాయ్ అడుగుతోంది కదా, లేచి కూర్చుంటుంది కదా అనుకున్నాను. ఇప్పుడెందుకు అనుకున్నాను. డాక్టర్ వెళ్లిపోయాడు. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. పొద్దుగూకే వేళకు లోపలి నుంచి నర్సు పరుగెత్తుకొచ్చింది. అక్కకు మళ్లీ తెలివి తప్పింది, తెల్లారేసరికి పోయింది.

"గా గోలి రెండు రోజులు ఒంట్ల ఉంటది," అన్నాడు శ్రావణ్. వాడు నా వైపు చూడటం లేదు. పసుపు సంచితో చెప్తున్నట్టు చెప్పాడు. "ఒకపారి షుగరు లేపితె సరిపోదు. మళ్ల పడ్తది. మళ్ల లేపాలె. గంటగంటకు సూస్తుండాలె. తెలిస్తె సూసెటోళ్లు. తెలిస్తె గ్లూకోజ్ ఆపకపోదురు. నువ్వొక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటె..."

పూర్తి చేయలేదు. దుప్పటి మీద ఉన్న కుప్పలో రెండు చేతులూ పెట్టి స్ట్రిప్పుల్ని పిడికిళ్లతో పట్టుకున్నాడు. అంచులు గీసుకుని వేళ్ల మధ్య రక్తం వచ్చింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గొంతులోంచి చప్పుడు రావడం లేదు. వాడు పుట్టినప్పుడు అక్క నా చేతిలోనే పెట్టింది. అప్పుడు ఏడిస్తే ఎట్లా ఊరుకోబెట్టాలో తెలిసేది. ఇప్పుడు భుజం మీద చెయ్యి వేశాను. తీసి పక్కన పెట్టాడు. విసిరికొట్టలేదు. ఎవరిదో వస్తువు తీసి పెట్టినట్టు పెట్టాడు.

"ఆదివారం నేను మోస్రాకొస్త," అన్నాను. "అందరి ముంగట చెప్త. పోలీసు స్టేషన్ల చెప్పుమన్నా చెప్త. సుమనను తెచ్చుకో."

"ఏ మొఖం పెట్టుకొని తెచ్చుకోవాలె? దినాల నాడు అందరి ముంగట జుట్టు పట్టి బయటికి గుంజిన. ఆ పిల్ల నా చేతులు పట్టుకొని, నేనియ్యలే, దేవుని తోడు, అంటుంది. నువ్వక్కడనే ఉన్నవ్. గప్పుడు గూడ ఉన్నవ్."

ఉన్నాను. కుర్చీలు మడిచి పెడుతున్నాను.

గడప దగ్గర బండి ఆగింది. మందుల చెత్త బండి అనుకున్నాం. కాదు. మోటార్ సైకిల్. సుమన అన్న విష్ణు దిగాడు. మోస్రాలో వరి పండిస్తాడు, మాట గట్టి మనిషి. పోయినసారి ఇదే గడప మీద నిలబడి నీ అంతు చూస్తా అని శ్రావణ్ మీదికి వచ్చినవాడు. ఇప్పుడు చెప్పులు బయటే విడిచి, తలకు కట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు.

"బావా, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు. "ఆదివారం కూసునుడు ఒద్దు. మా చెల్లె ఒప్పుకున్నది. నువ్వేది అడిగినవో గది రాసిచ్చింది. పది దినాలాయె పిల్ల ముద్ద మింగుతలేదు. తప్పు చేసింది, కావాల్నని చెయ్యలే. ఇంట్లకు రానియ్యి."

జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. శ్రావణ్ తీసుకున్నాడు. వేళ్ల రక్తం కాగితం అంచుకు అంటింది. చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి పైకి చదివాడు.

"సత్తవ్వమ్మ పదకొండో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మూడున్నర ప్రాంతంలో మా అత్తగారికి రెండు షుగరు గోలీలు పొరపాటున నేనే ఇచ్చాను. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు. ఇంకెవరినీ ఏమీ అడగవద్దు."

వాడు కాగితం తిప్పి వెనక వైపు చూశాడు.

"మధ్యాహ్నం సుమన బోధన్ల ఉంది," అన్నాడు శ్రావణ్. "షాపు మూయలేక భోజనాలకు రాలే. పొద్దుగూకినంక ఒచ్చి అమ్మను బండి మీద తీస్కపోయింది. రెండని, మూడున్నరకని, ఈమెకెట్ల ఎర్క మామా?"

నాకు తెలిసింది. అక్క చెప్పి ఉంటుంది. తెలివొచ్చిన ఆ నాలుగు గంటల్లో అక్క దగ్గర కూర్చున్నది సుమన ఒక్కతే. తమ్ముడిని కాపాడమని అడిగి ఉంటుంది. పెండ్లాం పోయి పన్నెండు రోజులే, వాని పేరు చెప్పకు బిడ్డా అని ఉంటుంది. డాక్టర్‌కు ఆమె అప్పుడు చెప్పిందా, ఏం చెప్పింది, నాకు తెలియదు. ఇన్ని రోజులు జుట్టు పట్టి గుంజినా, ఊరంతా నోరు పారేసుకున్నా, నేనివ్వలేదు అన్నదే తప్ప ఎవరిచ్చారో చెప్పలేదు. ఇప్పుడు అది కూడా తన మీదే వేసుకుంది.

"సుమన ఏది?" అన్నాడు శ్రావణ్. "నీ ఎంబడి రాలేదా?"

"ఒస్తది బావా. పొద్దున్నే గీ కాయితం నా చేతుల పెట్టింది, బావకియ్యి అని. నువ్వు గూడ నడువు అన్న. కందకుర్తి పోయి, అత్తమ్మను గోదావరిల కలిపిన కాడ దండం పెట్టుకొని అటునుంచి అటే ఒస్త అన్నది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే పోత అన్నది." విష్ణు మా ఇద్దరి మొహాలు చూశాడు. "ఏమైంది? ఏందిట్ల సూస్తుండ్రు? కాకా, ఏమైంది?"

నేను ఆయనకు చెప్పాను. మూడు ముక్కల్లో చెప్పాను. గోలీలు ఇచ్చింది నేను, మీ చెల్లె కాదు, ఆమెకు ఆ సంగతి తెలుసు. విష్ణు చేతిలోని తువ్వాల కింద పడింది. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన గోడకు ఆనుకుని, గోడమీది సర్టిఫికెట్‌లో చెల్లెలి ఫోటో వైపు చూశాడు.

శ్రావణ్ అప్పటికే ఫోన్ చేస్తున్నాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఆగిపోయింది. "ఎత్తు సుమనా, ఎత్తు, ఒక్కపారి ఎత్తు," అని పిల్లవాడిలాగా గొణుగుతున్నాడు. మూడోసారి చేస్తూనే బండి తాళాలు వెతుక్కున్నాడు. మందుల కుప్ప మీద కాలు పడి గోలీలు పటపట పగిలాయి.

అవతల ఎత్తారు.

"సుమనా!"

మగ గొంతు. ఏదో అంటోంది. శ్రావణ్‌కు అర్థం కాలేదు. ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి చూశాడు, నంబరు సరైనదేనా అని. మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. "ఎవలు మీరు? సుమన ఏది? తెలుగు రాదా?"

ఫోన్ నా చేతిలో పెట్టాడు. "మరాఠీ మాట్లాడుతుండు మామా. నీకొస్తది గదా."

చెరుకు నరకడానికి సరిహద్దు అవతల నుంచి వచ్చే ముఠాలతో ఇరవై ఏండ్లు పనిచేశాను. ఆ భాష నాకు బాగానే వస్తుంది. ఫోన్ చెవికి పెట్టుకున్నాను. వెనకాల నీళ్ల చప్పుడు, గుడి గంట వినిపిస్తున్నాయి. ఆ మనిషి పడవ నడిపేవాడట. తొందరగా, భయంగా చెప్తున్నాడు. ఫోన్ మెట్ల మీద దొరికిందట. చాలాసేపటి నుంచి మోగుతోందట. పక్కన ఒక సంచి ఉందట.

"బాయీ కుఠే ఆహే?" అని అడిగాను. ఆమె ఎక్కడ అని.

"బాయీ దిసత్ నాహీ, కాకా," అన్నాడు.

శ్రావణ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏమంటుండు మామా? చెప్పు. ఏమంటుండు?" విష్ణు గోడ దగ్గర నుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరూ నా నోటి వైపు చూస్తున్నారు.

దవాఖానలో డాక్టర్ కూడా ఇట్లాగే చూశాడు. అప్పుడు బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాను. కానీ ఈసారి కూర్చోలేదు.

"చెప్పులు మెట్ల మీదనే ఉన్నయంటరా," అన్నాను. "మనిషి కనబడుతలేదంట."